గజ్జెలు వినపడని వారం

"భయపడ్డ రోజు ఏదన్నా ఉంటే చెప్పు కాకా" అని ఈమధ్య గనిలో కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. నీళ్లు ముంచుకొచ్చిన కథో, గ్యాసు అంటుకున్న కథో వస్తుందని వాళ్ల ఆశ. నేను సినిమాల ముచ్చట ఎత్తుకుంటాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ముసలోడికి మతి పోయిందని. పోతే పోనీండి. గనిని మేము బాయి అంటాం. ఆ బాయిలో ముప్పై ఏళ్లకు పైగా దిగి ఎక్కినవాడిని. అక్కడ భయం వేయలేదని కాదు, వేసింది. కానీ ఒళ్లంతా చెమట పట్టి, ఇంటికి పోయినా వదలని భయం నాకు పట్టపగలు, ఫ్యాను కింద, కుర్చీలో కూర్చుని సినిమాలు చూస్తుంటే వేసింది.

నేను సర్దార్‌గా చేశాను. సర్దార్ అంటే పెద్ద దొర అనుకునేరు, అంత లేదు. షిఫ్టులో ఒక జాగాకు కాపలావాడు, అంతే. మనుషులు పనిలోకి వచ్చేలోపే మేం పోయి పైకప్పును కర్రతో కొట్టి చూడాలి. బాగుంటే పక్కగోడ మీద సుద్దముక్కతో తారీఖు వేసి సంతకం గీకాలి. ఆ గీత పడ్డాకనే ఎవరైనా అక్కడ నిలబడాలి. కొట్టి చూడడంలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పొర విడిచిన కప్పు డుబ్బుమంటుంది. చెవి ఉంటే చాలు. నా చెవికి మా బాయిలో పేరుండేది. పక్క జాగా సర్దార్లు కూడా అనుమానం వస్తే నన్ను పిలిచేవాళ్లు. నేనూ మీసం దువ్వుకుంటూ పోయేవాడిని. దాచడమెందుకు, నాకు ఆ పేరంటే పిచ్చి.

నాతోపాటు రోజూ ముందుగా లోపలికి వచ్చేది మా టింబర్‌మ్యాన్. కప్పు అనుమానంగా ఉన్నచోట కర్ర దుంగలు నిలబెట్టి బిగించడం వాడి పని. మా ఊరి పక్క ఊరివాడే, నాకంటే పదిహేనేళ్లు చిన్న. నన్ను కాకా అనేవాడు. పెద్దగా మాట్లాడడు, పని మాత్రం దేవుడి పనిలా చేస్తాడు. నేను కర్ర కొడుతుంటే దుంగ భుజాన వేసుకుని రెండడుగుల వెనక నిలబడేవాడు.

ఇదంతా మన రాష్ట్రం రాకముందు సంగతి. ఒకరోజు పొద్దుటి షిఫ్టులో నేను కొట్టి చూసి, బాగుందని గీత గీసి ముందుకు నడిచాను. పది అడుగులు వేశానో లేదో వీపును ఎవరో రెండు చేతులతో తోసినట్టు గాలి తగిలింది. వెనక్కి తిరిగితే నా దీపం వెలుగులో దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. దూరంగా మూలమలుపు దగ్గర ఉన్న, బొగ్గు నింపే ఫిల్లర్లు అప్పటికే పరుగెత్తుకొస్తున్నారు. కప్పు చిటపటమన్న చప్పుడు విన్నామని తర్వాత వాళ్లంతా చెప్పారు. వాళ్ల కంటే దగ్గరగా ఉన్న నేను వినలేదు. ఆ మాట అప్పుడు నా బుర్రకెక్కలేదు. బండ కింద మా టింబర్‌మ్యాన్ కుడికాలు ఇరుక్కుపోయి ఉంది. ప్రాణం దక్కింది, పాదం దక్కలేదు.

ఎంక్వైరీ జరిగింది. సర్దార్ కొట్టి చూశాడు, గీత ఉంది, పుస్తకంలో రాసి ఉంది. అక్కడికి దుంగతో ఎందుకు పోయావని దవాఖానలో వాడిని అడిగితే, నా పని అదే కద సార్ అన్నాడట. కప్పు ఒక్కోసారి మోసం చేస్తుందని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. వాడిని చూడడానికి ఒకసారి దవాఖానకు పోయి, వార్డు తలుపు దాకా వెళ్లి, దుప్పటి కింద కాలు పొట్టిగా కనపడేసరికి అక్కడినుంచే తిరిగొచ్చాను. ఇంటికొచ్చి మంచిగున్నాడని చెప్పాను. మూడు వారాలు మళ్లీ పోలేదు.

దెబ్బ తగిలిన జాగాలో పనిచేసినవాళ్లందరినీ ఒక వారం ట్రైనింగుకు పంపడం రివాజు. మా ఇరవైమందినీ పంపారు. పొద్దున పాఠాలు. మధ్యాహ్నం తిన్న తర్వాత పాఠం చెబితే మా జనం గురక పెట్టేవాళ్లు. అక్కడి ట్రైనింగ్ ఆఫీసరుకు సినిమాల పిచ్చి. కొత్తగా వచ్చిన ప్రొజెక్టరు మీద రోజుకొక సినిమా వేసేవాడు. ఊరికే కాదు, అయిపోయాక ఎంక్వైరీ పెట్టేవాడు. తప్పు ఎవరిది, ఎక్కడ జరిగింది, ఎట్లా ఆపవచ్చు అని ఒక్కొక్కరినీ లేపి అడిగేవాడు. నవ్వొచ్చే పద్ధతే గానీ నిద్ర మాత్రం ఎవరికీ వచ్చేది కాదు.

సోమవారం దయ్యం సినిమా వేశాడు. కిటికీలకు నల్లగుడ్డ కట్టారు. పాత బంగళా, ఒక్కతే ఆడపిల్ల, చేతిలో దీపం. ఆ పిల్ల మెట్లు ఎక్కుతోంది. నేను హాయిగా చూస్తున్నాను. ఉన్నట్టుండి నా పక్కనున్న ఫిల్లర్ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. ముందు వరుసలో ఇద్దరు మెడలు లోపలికి ముడుచుకున్నారు. ఏమైందిరా వీళ్లకు అనుకున్నాను. తెర మీద ఏమీ లేదు, ఖాళీ మెట్లు. కొంతసేపటికి దయ్యం వచ్చింది. అప్పుడు నేనూ ఉలిక్కిపడ్డాను, కానీ వాళ్లంతా అప్పటికే సగం చచ్చి ఉన్నారు. దీపాలు వేశాక ఆఫీసరు, తప్పు ఎవరిదని అడిగాడు. వెనకనుంచి ఒకడు లేచి, గజ్జెల చప్పుడు వినపడ్డాక కూడా ఆ పిల్ల పైకి పోవడం తప్పు సార్, బాయిలో కప్పు పలికినప్పుడు వెనక్కి రావాలని మీరే చెప్పారు కదా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

గజ్జెలా? ఎక్కడి గజ్జెలు?

పక్కవాడిని అడగబోయి ఊరుకున్నాను. బయటికొచ్చాక ఆ ఫిల్లరే నా వీపు తట్టి, గజ్జెలు మోగినంతసేపు సర్దార్ కాక కన్ను గూడ ఆర్పలేదు, గుండె కాదది బండ అని అందరికీ చాటింపు వేశాడు. నేను నవ్వాను. 

ఇంటికి పోగానే నా భార్యను గాజులు ఆడించమన్నాను. ఎగాదిగా చూసి చెయ్యి ఊపింది. చూస్తుంటే వినపడినట్టే ఉంది. వెనక్కి తిరిగి నిలబడి మళ్లీ ఊపమన్నాను. ఎంతసేపటికీ ఊపడం లేదేమని తిరిగి చూస్తే, ఊపుతూనే ఉంది. జలుబు చేసిందేమోలే అన్నాను. ఆమెకు కాదు, నాకే చెప్పుకున్నాను.

మంగళవారం హాస్యం సినిమా. గయ్యాళి అత్త పాత్ర వేసినామె సన్నటి గొంతుతో ఏదో అంటుంది, హాలంతా విరగబడి నవ్వుతుంది. నాకు పెదాలు కదలడం కనపడుతోంది, మాట సగం సగం వస్తోంది. పక్కవాడి పొట్ట ఎగరగానే నేనూ నవ్వడం మొదలుపెట్టాను. ఆ సినిమాకు నా అంత కష్టపడి నవ్వినవాడు ఇంకొకడు ఉండడు. అట్లా నవ్వుతూ నవ్వుతూ ఉండగా మా టింబర్‌మ్యాన్ మాట ఒకటి గుర్తొచ్చి నోరు మూతపడింది.

దెబ్బ తగలడానికి ముందు రోజు సంగతి అది. బాయిలో అందరం టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చున్నాం. వాడు నా దగ్గరికి జరిగి, మెల్లగా, "కాకా, ఒక్కసారి దవాఖానల చెవులు చూపించుకో రాదు" అన్నాడు. వాడు మెల్లగానే అన్నాడు, నాకే మంట మండింది. నా చెవికి వంక పెట్టేవాడు ఈ బాయిలో ఇంకా పుట్టలేదని అందరూ వినేలా అరిచాను. దుంగలు మోసేవాడివి దుంగలు మోయి అని కూడా అన్నాను. వాడు తలవంచుకుని అన్నం తిన్నాడు. మర్నాడు షిఫ్టులో నేను వాడితో మాట్లాడలేదు. సరిగ్గా ఆ రోజే బండ పడింది.

ఆ సినిమా ఎట్లా అయిపోయిందో నాకు తెలియదు. తప్పు ఎవరిదని ఆఫీసరు అడుగుతున్నప్పుడు నన్ను లేపుతాడేమోనని ముందువాడి వెనక దాక్కున్నాను. యాభై దాటిన మనిషిని, బడి పిల్లగాడిలా.

బుధవారం పౌరాణికం. ఇది మాత్రం ప్రాణం లేచొచ్చేలా వినపడింది. మద్దెలలు, శంఖాలు, భీకరమైన గొంతులు, పద్యాలు. ఒక్క ముక్క పోలేదు. హమ్మయ్య, నా చెవులకేం కాలేదు, ఆ మొదటి రెండు సినిమాల సౌండే పాడుది అనుకున్నాను. సంతోషం పట్టలేక పద్యానికి వంత కూడా పాడాను. తర్వాత కృష్ణుడు మురళి తీశాడు. ఆవులు తల తిప్పాయి, గోపికలు పనులు వదిలి పరుగెత్తారు. మురళి కొంచెం వినపడింది. రాగం పైకి పోయిన చోటల్లా తెగిపోయింది. కృష్ణుడి వేళ్లు కదులుతూనే ఉన్నాయి, ఊరికే. చుట్టూ చూశాను. మోటుమనుషులు, బొగ్గు తట్టలు మోసిన మెడలు, అందరూ కళ్లు సగం మూసుకుని మెల్లగా ఊగుతున్నారు. ఆవులకు వినపడింది, వీళ్లకు వినపడింది. నాకొక్కడికే వినపడలేదు.

అప్పుడు అర్థమైంది. సన్న చప్పుళ్లు పోయాయి. గజ్జెలు, గాజులు, ఆడగొంతు, మురళి. ఖంగుమనే మోత కూడా వాటి జాతిదే. ఎన్నేళ్లుగానో బొగ్గు పేల్చే మందు మోతలో, డ్రిల్లింగు మిషన్ల రొదలో నిలబడ్డ చెవులు, అవి ఒక్కరోజులో పోలేదు. కొంచెం కొంచెంగా పోతుంటే, కొంచెం కొంచెంగా నేను డుబ్బు చప్పుడునే మంచి చప్పుడు అనుకోవడం నేర్చుకున్నాను. గట్టి కప్పూ డుబ్బే, విడిచిన కప్పూ డుబ్బే. అన్నిటి కిందా గీత గీశాను. ఎన్నాళ్లనుంచి? ఎన్ని గీతలు? ఒక్కొక్క జాగా కళ్లముందుకొచ్చింది, అక్కడ కూర్చుని తంబాకు పొట్లం కోసం జేబులు తడుముకున్న మనిషితో సహా. వాళ్లలో సగంమంది ఆ హాల్లోనే నా చుట్టూ కూర్చుని మురళి వింటున్నారు.

ఆ సాయంత్రం కాలనీ క్వార్టరులో గోడలన్నీ కర్రతో కొట్టి చూశాను. నా భార్య వంటింట్లోంచి వచ్చి, "సున్నమంతా రాలుతుంది, గోడలు గొట్టుడేంది? మంత్రగాన్ని పిలవాల్నా?" అంది. అడిగితే చెప్పింది, ఈ గోడ మోత వేరు, ఆ తలుపు పక్కది వేరు, లోపల బోలుగా ఉన్నట్టుంది అని. బొగ్గు మొహం చూడని మనిషి. ఆమెకు తెలిసింది, నాకు తెలియలేదు. 

గురువారం ఏం సినిమానో గుర్తులేదు. శుక్రవారం బాంబు సినిమా. గడియారం టిక్కుటిక్కుమంటుంటే హీరో చెవి ఆనించి వెతుకుతాడు. ఆ టిక్కు నాకు వినపడదని ముందే తెలుసు, తెలిసి కూడా చెవి ముందుకు పెట్టాను. నీళ్లు తాగి వస్తానని లేచి బయట నల్లా దగ్గర నిలబడ్డాను. సోమవారం మళ్లీ బాయిలోకి దిగాలి. ముందుగా నేనే పోవాలి, కర్ర పట్టుకుని. నా వెనక కొత్త టింబర్‌మ్యాన్ నిలబడతాడు. చెబితే? చెవిటోడు అని బాయంతా అంటుంది. అంతకంటే పెద్ద మాట ఇంకొకటి ఉంది. వాడి పాదం కప్పు మోసం చేసి పోలేదు, నావల్ల పోయిందని నా నోటితో నేనే చెప్పినట్టవుతుంది. నోరు మూసుకుని సోమవారం దిగితే? అది తలుచుకుని నల్లా కట్టేయకుండా అట్లాగే నిలబడిపోయాను, నీళ్లు పాదాల మీద పడుతున్నాయి. చెప్పడానికీ భయమే, చెప్పకపోవడానికీ భయమే.

శనివారం చివరి రోజు. ఆ రోజు పెద్ద సినిమా లేదు, కంపెనీ ట్రైనింగ్ కోసం తీసిన చిన్న సినిమా. తెర మీద ఒక సర్దార్ కప్పును కర్రతో కొట్టాడు. ఇంకొంచెం ముందుకు జరిగి ఇంకొకచోట కొట్టాడు. ఆఫీసరు బొమ్మ ఆపి, ఈ రెండింట్లో ఏది పనికిరాని కప్పు అని అడిగాడు. చేతులు లేచాయి. ఆయన చేతులు దించమని, మనలో పెద్దాయన ఉన్నాడు, ఆ చెవికి ఈ బొగ్గు బెల్టంతా పేరుంది, ఆయన చెబితే మీరు నేర్చుకోండి అని నన్ను లేపాడు.

లేచాను. అలవాటు కొద్దీ చుట్టూ మొహాలు చూశాను, జవాబు దొరుకుతుందేమోనని. వారమంతా అదే పని కదా. కానీ ఈసారి అందరూ నా మొహమే చూస్తున్నారు. ఒక్క మొహం మీద కూడా జవాబు లేదు. మొదటిదనో రెండోదనో ఒకటి అనేస్తే సగం పాళ్లు సరిపోయేది. బాయిలో ఇన్నాళ్లూ నేను చేసింది అదే కదా అనిపించింది.

"నాకు రెండు ఒక్క తీరుగనే ఇనవడుతున్నయి సార్" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు, పెద్దాయన పరాచికం ఆడుతున్నాడని. మళ్లీ అన్నాను. రెండోసారి ఎవరూ నవ్వలేదు. సోమవారం గజ్జెలు కూడా వినపడలేదని, నాది బండ గుండె కాదని చెప్పాను. ఆఫీసరు లేచి కిటికీ గుడ్డలు తీశాడు. ఎండ మొహాన పడింది. ఇరవైమంది నేల చూపులు చూస్తున్నారు. నేను గీసిన గీతల కింద నిలబడ్డ మనుషులు వాళ్లు. ఒకడు మాత్రం తలెత్తి పైన స్లాబు వంక చూశాడు, ఊరికే. ఆ చూపు ఇప్పటికీ నన్ను నిద్రలో లేపుతుంది.

అక్కడినుంచి అదే కాళ్లతో దవాఖానకు పోయాను. ఈసారి తలుపు దగ్గర ఆగలేదు. వాడు మంచం మీద వాలి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. మూడు వారాలు ఎక్కడ చచ్చావని అడగలేదు. ట్రైనింగులో సినిమాలు వేశారట కదా, దయ్యం సినిమా ఎట్లా ఉందని అడిగాడు.

గజ్జెలు వినపడలేదని చెప్పాను. అందరి మొహాలు చూసి భయపడాల్సిన చోట భయపడ్డట్టు, నవ్వాల్సిన చోట నవ్వినట్టు చేశానని చెప్పాను. ఇంక అసలు మాటకు రావాలి. నీ కాలు అని మొదలుపెట్టి, దుప్పటి అంచు సర్దాను.

వాడు కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "బాయిల గూడ గట్లనే చేస్తివి గద కాకా. ఏడాది సంది."

నాకు అర్థం కాలేదు.

"కట్టె కొట్టంగనే నువ్వు నా మొఖం జూసెటోనివి. నీకు ఎర్క లేదు గని, రోజూ జూసెటోనివి. మంచిగుంటె నేను నిన్ను జూస్తుంటి. మంచిగ లేకుంటె పైకి జూస్తుంటి. నువ్వు మళ్ల గొట్టి, ఇక్కడ దుంగ వెట్టు అంటుంటివి."

 నిజమే. కర్ర కొట్టడం, వెనక్కి చూడడం. దుంగ సిద్ధంగా ఉందా అని చూస్తున్నాననే అనుకునేవాడిని. ఏడాదిపాటు మా జాగాలో కప్పు విన్నది వాడి చెవులు. పేరు నాది.

"మరి ఆ రోజు?" అన్నాను.

"ఆ రోజు గూడ పైకి జూసిన కాకా. నువ్వు నా దిక్కు జూడలె."

అలిగి ఉన్నాను కదా, చూడలేదు. గీత గీసి నడిచిపోయాను. ఎవరన్నా వచ్చి దాని కింద నిలబడేలోపు దుంగ పెట్టేద్దామని వాడొక్కడే పోయాడు. నోరు తెరిచి ఒక్క మాట చెప్పొద్దారా అని వాడిమీదే గట్టిగా అన్నాను. అది కోపం కాదు, ఏడుపు.

"ముందటి రోజు చెప్పిన గద కాకా" అన్నాడు.

తర్వాత నాకు డాక్టర్లు పరీక్షలు చేసి బాయిలోకి దిగకూడదని రాశారు. రిటైరయ్యేదాకా పైన దీపాల గదిలో పనిచేశాను. వాడికీ పైననే పని ఇచ్చారు, నా పక్క కిటికీలో. మేం దీపాలు ఇచ్చి లోపలికి పంపినవాళ్ల పిల్లలే ఇప్పుడు నన్ను భయం కథ అడుగుతున్నది. మీ పనిలో మీకు పేరొస్తే సంతోషించండి, కానీ మీ వెనక రెండడుగుల దూరంలో నిలబడ్డవాడి మీద అలిగి వాడి మొహం చూడడం మానకండి. నాకు చెప్పడానికి ఇంతకంటే ఏమీ లేదు.

ఇద్దరం ఇప్పుడు గోదావరిఖనిలోనే, రెండు వీధుల దూరంలో ఉంటాం. ఆదివారం మధ్యాహ్నం వాడి ఇంట్లో టీవీలో సినిమా చూస్తాం. దయ్యం సినిమా అయితే వాడికి మరీ ఇష్టం. నేను టీవీ వైపు కాకుండా వాడి వైపు తిరిగి కూర్చుంటాను. వాడు ఉన్నట్టుండి పల్లీలు నమలడం ఆపి, "ఇగో, గజ్జెలు" అంటాడు.

అప్పుడు భయపడతాను.